సీటు కింద స్ప్రింగు

చీమకుర్తిలో గడ్డి పెంచడమంటే
రాయికి తల దువ్వడమే.
ట్యాంకరు నీళ్ళు తాగి ఆ గెస్ట్‌హౌస్ ముందర
అరెకరం పచ్చగా ఒళ్ళు విరుచుకుంటుద్ది,
రాయి బేరానికొచ్చినోళ్ళు
కాసేపు చెప్పులిప్పి నడుస్తారని.

దాన్ని కోసే బండి ఆగిందని కబురొచ్చింది.
నేను క్వారీ కంప్రెసర్ల మేస్త్రిని.
వాటి దగ్గు ఏ సిలిండర్‌దో
రోడ్డు మీంచే చెప్తా.
ఇది చూస్తే తిరునాళ్ళలో పిల్లలెక్కే బొమ్మకారు:
ఎర్ర బానెట్టు, పసుపు సీటు.

మూత తీశా.
ఎయిర్ ఫిల్టర్ నిండా మా ఊరు.
తట్టితే బూడిదలా రాలింది
రంపాలు కోసిన కొండ,
లారీలు ఎగజిమ్మిన కొండ,
నా రొమ్ములో కూడా కాస్త పేరుకున్న కొండ.

"ఇంజనుకి ఊపిరి ముందు, తిండి తర్వాత,"
అనేవాడు నాకు పని నేర్పిన దానియేలు
పొదిలి షెడ్డులో స్పానరుతో నా నెత్తిన మొట్టి.
స్పాంజిని సబ్బునీళ్ళలో పిసికి నీడన ఆరేశా.
కాగితపు ఫిల్టరు కడగలా,
ఒంగోలు నుంచి కొత్తది తెప్పించా.

డిప్‌స్టిక్కు తుడిచి, మళ్ళీ ముంచి,
వెలుతురుకి పెట్టి చూశా.
కాఫీ రంగుంటే నీళ్ళు కలిసినట్టు.
తారులా సాగితే
మనుషులు మరిచిపోయినట్టు.
ఇది మరిచిపోయిన నూనె.

కార్బురేటర్ గిన్నెలో నిరుటి ఎండాకాలపు పెట్రోలు
బెల్లం పాకంలా అడుగంటింది.
వైరులోంచి రాగిపోగు ఒకటి లాగి
జెట్టులో దూర్చి, ఊది, కంటికి పెట్టుకున్నా.
అవతల ఆకాశం చుక్కంత,
మా నల్లరాయిలో మెరిసే చుక్కంత.
ప్లగ్గు గీకి
హాక్సా బ్లేడు పట్టేంత సందు పెట్టా.
రెక్కల మధ్య గూడు కట్టిన ఎండుగడ్డి పుల్లతో దులిపా.

తాళం తిప్పితే అంటుకుంది.
నేనే ఎక్కి రెండు చుట్లు తిప్పా. వంక లేదు.

అప్పుడు అంకమ్మ ఎక్కింది. రోజూ నడిపేది ఆమే.
గేటు పక్కన పైపు మిట్ట దగ్గర
టప్పున ఆగింది.
నేనెక్కితే ఆగదు.
ఆమెక్కితే ఆగుద్ది.
"ఆడోళ్ళకి ఇంజన్లు లొంగవయ్యా," అని మేనేజరు నవ్వాడు.
అంకమ్మ ఏమీ అనలా. కొంగు బిగించి
ఆరుసార్లు ఎక్కింది, ఆరుసార్లు దిగింది.
ఆరోసారి నేను ఇంజను వైపు చూడ్డం మానేశా.
మిట్ట కాడ ఆమె
సీటు మీంచి వేలెడు పైకి లేస్తా ఉంది.

సీటు కింద ఒక స్విచ్చుంటుద్ది.
మనిషి జారిపడితే బ్లేడు ఆగాలని పెట్టింది.
నేను కూర్చుంటే అణుగుద్ది.
అంకమ్మ ముప్పై ఎనిమిది కిలోలు.
బండి లెక్కలో
ఆ సీటులో ఎవురూ లేరు.

"ఆ వైర్లు రెండూ కలిపెయ్, ఐదు నిమిషాల పని."
నిజమే. ఐదు నిమిషాలే.
బెల్టుకి జాలీ పీకేసిన రోజు
నా ఉంగరపు వేలు పోవడానికి అంత కూడా పట్టలా.
కలపనన్నా.

షాపుకి పోయి తుప్పు డబ్బా బోర్లించి
లూనాదో దేనిదో, మెత్తటి స్ప్రింగొకటి ఏరి
ఒక చుట్టు కోసి తెచ్చి బిగించా.
అమ్మా కూర్చో. లే. మళ్ళీ కూర్చో.
కూర్చుంటే నడవాలి, లేస్తే చావాలి.

మిట్ట దాటింది.
దాటి గోడ దాకా పోయి, అక్కడ
కావాలనే లేచి నిలబడింది.
ఇంజను ఆగింది.
నిశ్శబ్దంలో ఒకసారి అటూ ఇటూ చూసి
మళ్ళీ కూర్చుంది.

బిల్లు రాశా. ఫిల్టరు, ఆయిలు, కూలి,
చివర్లో స్ప్రింగు, పదిహేను రూపాయలు.
"పాత సామానుకి కూడా డబ్బులా?"
అని మేనేజరు పెన్ను తీసి
ఆ పదిహేనూ కొట్టేశాడు.